గోత్రం అడిగే బ్యాక్టీరియా, అడగని బ్యాక్టీరియా: ఏది మేలు?

మన ముక్కులో, గొంతులో పక్కపక్కనే కాపురముంటాయి హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, న్యుమోకాకస్. చచ్చిన కణాల నుంచి బయటపడ్డ డీఎన్ఏని రెండూ లోపలికి లాక్కుంటాయి. తేడా అంతా ఆ లాక్కోవడంలోనే.

హీమోఫిలస్ ముందు గోత్రం అడుగుతుంది. డీఎన్ఏని ఎ, జి, టి, సి అనే నాలుగు అక్షరాలతో రాస్తారు కదా, అందులో ఎఎజిటిజిసిజిజిటి అనే తొమ్మిది అక్షరాల వరుస ఉన్న డీఎన్ఏ ముక్క అంటే దానికి మహా ఇష్టం. 1995లో దీని జీనోమ్ (అంటే మొత్తం డీఎన్ఏ) అంతా చదివారు (స్వతంత్రంగా బతికే జీవుల్లో అలా పూర్తిగా చదివిన మొదటిది ఇదే). 18 లక్షల పైచిలుకు అక్షరాల్లో ఈ వరుస 1,400కి పైగా చోట్ల ఉంది. గాలివాటంగా వచ్చేదైతే ఇరవై చోట్ల కూడా ఉండకూడదు! తనవాళ్ల డీఎన్ఏ మీద ఇంటిపేరు అచ్చేసి ఉన్నట్టే.

న్యుమోకాకస్‌కి ఆ పట్టింపు లేదు. ఎవరి డీఎన్ఏ దొరికినా ఒక పోగును ముక్కలు చేసి, రెండో పోగును లోపలికి లాగుతుంది. 1928లో బ్రిటిష్ శాస్త్రవేత్త గ్రిఫిత్ ఎలుకల ప్రయోగంలో, చచ్చిన ప్రాణాంతక రకంతో కలిపితే అపాయం లేని న్యుమోకాకస్ రకం ప్రాణాంతకంగా మారింది ఇలాగే. మార్చింది డీఎన్ఏ అని 1944లో ఏవరీ బృందం తేల్చింది. అలాగని దీన్ని వెర్రిబాగుల్దనుకోకండి. అక్షరాలు చూడదు గానీ సమయం చూస్తుంది. 17 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్‌ని (బుల్లి ప్రోటీన్ ముక్కని) కబురులా అన్నీ కలిసి బయటికి వదులుతాయి. అది చిక్కబడ్డాకే తలుపులు తెరుస్తాయి, అదీ కాసేపే. ఆ కాసేపట్లో, సిద్ధంగా లేని సొంత జాతి కణాలనే పగలగొట్టి వాటి డీఎన్ఏ కాజేస్తాయి. గోత్రం అడగకపోయినా చేతికందేది చాలావరకు చుట్టాల సొత్తే.

కేవలం తిండి కోసమైతే నిస్సందేహంగా న్యుమోకాకస్ పద్ధతే మేలు, ఏ డీఎన్ఏ అయినా ఆకలి తీరుస్తుంది. కొత్త జన్యువుల కోసమైనా నా ఓటు దానికే. ఎందుకంటే లోపలికెళ్లిన ముక్క సొంత జీనోమ్‌తో పోలిక ఉంటేనే సులువుగా అతుక్కుంటుంది. వడపోత లోపల ఎలాగూ ఉన్నప్పుడు గుమ్మం దగ్గర ఇంకొకటి దేనికి? పొరుగున ఉండే స్ట్రెప్టోకాకస్ మైటిస్ నుంచి తెచ్చుకున్న జన్యు ముక్కలతోనే న్యుమోకాకస్ పెన్సిలిన్‌ని తట్టుకోవడం నేర్చింది.

గుమ్మం దగ్గర కాపలా ఉంటే మందులకు లొంగకుండా పోయే బెడద తప్పుతుందా అంటే, అదీ లేదు. గనేరియా అనే సుఖవ్యాధి తెచ్చే నైసీరియా బ్యాక్టీరియా కూడా పది అక్షరాల గుర్తు చూసే డీఎన్ఏని ఎంచుకుంటుంది. కానీ గొంతులో ఏ హానీ చేయకుండా ఉండే దాని దాయాదుల్లో కొన్నింటికీ అదే గుర్తుంది. సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్‌కి సరిగా లొంగని గనేరియా రకాల్లో కనిపించే అతుకుల జన్యువులోని (వేర్వేరు చోట్ల ముక్కలు కలిసిన జన్యువులోని) అరువు ముక్కలు ఆ దాయాదుల నుంచి వచ్చినవే.