మెరిట్ స్కాలర్‌షిప్పా, నీడ్ బేస్డ్ ఎయిడా? కాలేజీల లిస్టు వేసే ముందే తేల్చుకోవాలి

అమెరికాలో పిల్లలు లెవెన్త్ గ్రేడ్‌కి రాగానే మన ఇళ్లలో ఈ చర్చ మొదలవుతుంది: మార్కులు, ప్రతిభ చూసి ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకోవాలా, ఇంటి ఆర్థిక పరిస్థితి చూసి ఇచ్చే నీడ్ బేస్డ్ ఎయిడ్ మీదా అని. ఆఫర్లు వచ్చాక చూద్దాంలే అని చాలామంది ఊరుకుంటారు. కానీ ఏ సాయం దొరుకుతుందన్నది మనం ఏ కాలేజీలకు అప్లై చేశామన్న దాన్ని బట్టే ఉంటుంది.

హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు, ఎంఐటీ అసలు మెరిట్ స్కాలర్‌షిప్‌లే ఇవ్వవు. పిల్ల ఎంత చురుకైనదైనా అక్కడ లెక్క ఇంటి ఆదాయం, ఆస్తులే. ఆ సాయం మాత్రం పెద్దది. 2025 నుంచి హార్వర్డ్, ఎంఐటీ రెండూ ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం, మామూలు ఆస్తులు ఉన్న కుటుంబాలకు ట్యూషన్ ఫీజు లేకుండా చేశాయి. సీటు వస్తే సొంత రాష్ట్రపు యూనివర్సిటీ కన్నా అక్కడే తక్కువ పడొచ్చు.

భార్యాభర్తలిద్దరివీ మంచి జీతాలైతే లెక్క మారిపోతుంది. వాళ్లకు నీడ్ ఎయిడ్ దాదాపు రాదు కాబట్టి మెరిటే దారి. అలబామా యూనివర్సిటీ లాంటివి ఏ జీపీఏకి (మార్కుల సగటుకి), ఏ టెస్ట్ స్కోరుకి ఎంత ఇస్తాయో పట్టిక వేసి మరీ చెబుతాయి. పేరున్న కాలేజీ కాదని పిల్లలు మొహం ముడుచుకున్నా, అప్పు లేకుండా డిగ్రీ చేతికి రావడం చిన్న విషయం కాదు.

నాలుగేళ్లూ నిలబడేది ఏది? మెరిట్‌కి జీపీఏ షరతు ఉంటుంది, అది కాలేజీని బట్టి మారుతుంది. 3.0 అడిగితే ఫర్వాలేదు. ఇంజినీరింగ్‌లో 3.5 అంటే పిల్లలకి నాలుగేళ్లూ టెన్షనే. పైగా ఏటా ఫీజు పెరిగినా స్కాలర్‌షిప్ మొత్తం చాలాచోట్ల పెరగదు. నీడ్ ఎయిడ్‌ని మాత్రం ప్రతి ఏడూ మళ్లీ లెక్కేస్తారు. జీతం పెరిగితే సాయం తగ్గుతుంది. ఫాఫ్సా (ఫెడరల్ సాయం కోసం నింపే దరఖాస్తు) చూసేది రెండేళ్ల కిందటి ఆదాయాన్నే అయినా, మధ్యలో లేఆఫ్ అయితే కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి కాగితాలు చూపించి మళ్లీ లెక్కేయమని అడగొచ్చు. మన ఐటీ ఉద్యోగాలకు ఇది ఎంత ధైర్యమో చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఫాఫ్సాలో మనం ఉంటున్న ఇల్లు, 401కే (రిటైర్మెంట్ పొదుపు) లెక్కలోకి రావు. ఇండియాలో మన పేరు మీదున్న ప్లాటు మాత్రం వస్తుంది, దాచకుండా రాయాలి. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లలకి ఫెడరల్ సాయం రాదు. ఇక్కడ పుట్టిన పిల్లలకైతే తల్లిదండ్రులు హెచ్1బీ మీదున్నా అర్హత ఉంటుంది.

నా సలహా ఏమిటంటే, ముందు ప్రతి కాలేజీ సైట్లో ఉండే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో మీ అంకెలు వేసి చూడండి. దాదాపు పూర్తి ఫీజే చూపిస్తే మెరిట్ ఇచ్చే కాలేజీలతో లిస్టు నింపండి. అలాంటప్పుడు ఎర్లీ డెసిషన్ జోలికి వెళ్లొద్దు. సీటొస్తే చేరతామని ముందే మాటిచ్చాక, ఇంకో కాలేజీ ఎంతిస్తుందో పోల్చి చూసుకునే వీలుండదు.