రెటినోబ్లాస్టోమాకి జీన్ టెస్ట్: రక్తంలోనా, ట్యూమర్‌లోనా?

ఎల్‌వీ ప్రసాద్‌లోనో ఇంకో పెద్ద కంటాసుపత్రిలోనో పాపకి రెటినోబ్లాస్టోమా (చిన్నపిల్లల కంటి కేన్సర్) అని తేలాక ఆర్‌బీ1 అనే జీన్‌కి టెస్ట్ రాస్తారు కదా, అది రక్తంతో చేయించాలా ట్యూమర్ ముక్కతోనా అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. జబ్బు ఉందో లేదో చెప్పేది ఈ టెస్ట్ కాదు, అది మత్తిచ్చి కన్ను చూసి, స్కాన్ తీసి డాక్టర్లే చెప్పేస్తారు (ఈ కేన్సర్‌కి సూదితో ముక్క తియ్యరు, బయటికి పాకే ప్రమాదం). టెస్ట్ తేల్చేదల్లా ఆ జీన్‌లో తేడా ఒంటినిండా ఉందా, ఆ ఒక్క కంట్లోనేనా అని.

రెండు కళ్ళకీ వస్తే తేడా ఒంటినిండా ఉన్నట్టే, కాబట్టి రక్తమే, ఇంక ఆలోచన అక్కర్లేదు.

ఒక కన్నే అయితేనే చిక్కంతా. రక్తం టెస్ట్ సులువే, 100 మందిలో ఓ 15 మందికి తేడా దొరుకుతుంది, దొరికితే రెండో కన్ను మీద గట్టి నిఘా, రేడియేషన్‌కి వీలైనంత దూరం, తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ టెస్ట్. మరి మిగతా వాళ్ళకి? "ఏమీ కనపడలేదు" అని రిపోర్ట్ వస్తుంది, నిజంగా లేదా, ఉండీ దొరకలేదా తెలీదు, ఎందుకంటే కొన్ని కణాల్లోనే ఉండే తేడా రక్తంలో తప్పించుకోగలదు. నా మటుకు అసలు విషయం ఇదే, లేదు అని వచ్చిన రిపోర్ట్‌ని ఎంత నమ్మొచ్చు?

అందుకే కన్ను తీసెయ్యక తప్పని కేసుల్లో నా ఓటు ముందు ట్యూమర్‌కే. ఈ జీన్ కాపీలు రెండూ దెబ్బతింటేనే ట్యూమర్ వస్తుందని నుడ్సన్ అనే శాస్త్రవేత్త 1971లో చెప్పాడు, ఆ రెండు దెబ్బలూ ట్యూమర్‌లో దొరికాక వాటినే రక్తంలో వెతుకుతారు, ఏం వెతకాలో తెలుసు కాబట్టి కొంచెమే ఉన్నా పట్టుకునే ఛాన్స్ ఎక్కువ. లేదని తేలితే తోడబుట్టినవాళ్ళకి మాటిమాటికీ మత్తిచ్చి కళ్ళు చూడక్కర్లేదు. ఆర్‌బీ1 బాగానే ఉండి ఎమ్‌వైసీఎన్ అనే ఇంకో జీన్ పెరిగిపోయి వచ్చే రకం కూడా అరుదుగా ఉంది, అది ట్యూమర్‌లోనే తెలుస్తుంది.

కాకపోతే ఆపరేషన్‌కి ముందే అడగాలండీ, మొత్తం ఫార్మలిన్‌లో (ముక్క కుళ్ళకుండా వేసే మందునీళ్ళు) వేసేశాక డీఎన్‌ఏ పాడవుతుంది, చిన్న ముక్క ఫ్రెష్‌గా తీసిపెట్టమనండి. ముక్క తక్కువుంటే మాత్రం పాథాలజీకే (ముక్కని మైక్రోస్కోప్‌లో చూసేవాళ్ళకి) ముందు, కీమో కావాలో వద్దో చెప్పేది వాళ్ళే.

కన్ను నిలబడితే రక్తం ఒక్కటే దారి. కంటి లోపలుండే నీటిలో (కన్నీళ్ళు కాదు) డీఎన్‌ఏ చూసే పద్ధతి ఇంకా అన్నిచోట్లా లేదు. వందల జీన్లు ఒకేసారి చూసే ప్యానెల్ టెస్ట్ అంటే నాకు పెద్ద నమ్మకం లేదు, ఇక్కడ కావాల్సింది ఒక్క జీనే, జీన్‌లో పెద్ద ముక్కే ఎగిరిపోయినా మీ టెస్ట్ పట్టుకుంటుందా అని ల్యాబ్‌ని అడిగాకే డబ్బు కట్టండి.