ప్రోగ్రెసివ్ అద్దాలు, ఏళ్ల వాడకం తర్వాత: మిల్లీమీటరున్నర తెచ్చే తంటా

చత్వారం మొదలైన కొత్తలో ప్రోగ్రెసివ్ అద్దాలను ఎంత మెచ్చుకున్నా తక్కువే అనిపిస్తుంది. రోడ్డు, కంప్యూటరు, పుస్తకం అన్నీ ఒకే జోడులో కనిపిస్తాయి. దగ్గరి అడిషన్ (దగ్గరి చూపు కోసం అద్దం కింది భాగంలో కలిపే అదనపు పవర్) 1.25 నుంచి 2.25కి చేరాక ఆ మెప్పు పోదు గానీ, దానికి షరతులు వచ్చి పడతాయి. వాటిలో పెద్దది ఫ్రేములో అద్దం ఎక్కడ కూర్చుందన్నది. దాన్ని కొలిచేటప్పుడు చూపే అలసత్వం చూస్తే ఒళ్లు మండిపోతుంది.

అద్దంలో పైనుంచి కిందికి పవర్ పెరుగుతూ పోయే దారిని కారిడార్ అంటారు. దాని పొడవు 15 మిల్లీమీటర్లనుకుందాం. ఆ దారికి రెండు పక్కలా అక్కర్లేని సిలిండర్ పవర్, అంటే చూపును మసకబార్చే పవర్, పుడుతుంది. నిలువునా పవర్ ఎంత వేగంగా పెరిగితే, అడ్డంగా ఈ మసక దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుంది. అద్దం వంపులోనే ఉన్న లెక్క ఇది. ఎంత మేలైన డిజైనైనా ఆ మసకను అటూ ఇటూ సర్దగలదు గానీ తీసేయలేదు. అడిషన్ 1.25 ఉన్నప్పుడు మసక అర డయాప్టర్ (డయాప్టర్ అంటే అద్దం పవర్‌కి కొలమానం) దాటని పట్టీ వెడల్పు దాదాపు 6 మిల్లీమీటర్లు. 2.25 అయ్యేసరికి అది 3.3 దగ్గరికి వస్తుంది. కంప్యూటరు చూసేది ఆ పట్టీలోంచే.

ఇక అసలు తంటా. అడిషన్ పెంచి కొత్త జోడు చేయిస్తారు. చీటీలో పవర్ సరిగ్గానే ఉంటుంది, మెషీన్ మీద పెట్టి చూసినా సరిపోతుంది. కానీ స్క్రీన్ తేటగా కనిపించాలంటే తల కాస్త కుడికి తిప్పాలి, పుస్తకమైతే ఎడమకి జరపాలి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కళ్లజోడు షాపుకి వెళ్లి అడిగితే వచ్చే జవాబు, "రెండు వారాలు వాడండి, అలవాటైపోతుంది." ఆ రెండు వారాలూ వృథా. కంటిపాపల మధ్య దూరం మొత్తం 64 మిల్లీమీటర్లని కొలిచి, చెరి సగం 32 చొప్పున వేసేశారు. నిజానికి ముక్కు నడిమి నుంచి కుడి కన్ను 33.5, ఎడమ కన్ను 30.5. కుడి అద్దం ముక్కు వైపుకి, ఎడమ అద్దం చెవి వైపుకి, అంటే రెండూ ఎడమకే, మిల్లీమీటరున్నర చొప్పున జరిగి కూర్చున్నాయి. 3.3 పట్టీలో సగం 1.65. చూపు పట్టీ అంచు మీద పడుతోంది. పాత జోడులోనూ ఇదే తప్పు ఉండి ఉండొచ్చు, 6 మిల్లీమీటర్ల పట్టీలో అది తెలియలేదు. ఇప్పుడు బయటపడితే నెపం వయసు మీదికి పోతుంది.

అందుకే ఏ కన్నుకి ఆ కన్ను విడిగా కొలవాలని పట్టుబట్టండి. మొత్తం దూరాన్నే తప్పుగా కొలిచి ఉంటే లక్షణం వేరు. తల కదపకుండా 40 సెంటీమీటర్ల దూరంలో ఒక పేరా పెట్టుకుని ఒక్కో కన్నూ మూసి చూస్తే, తేటగా ఉన్న మాటలు ఒక కన్నుకి ఒక చోట, రెండో కన్నుకి ఇంకో చోట ఉంటాయి. అద్దాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే 34 మిల్లీమీటర్ల ఎడంలో రెండు సన్నటి గుర్తులు చెక్కి కనిపిస్తాయి. చెవి వైపు గుర్తు కింద ఉండేది అడిషన్ అంకె. ఆ గుర్తులను ఆ డిజైన్ చార్టు మీద పెట్టి ఫిట్టింగ్ క్రాస్ (కంటిపాప ఎక్కడికి రావాలో చూపే గుర్తు) మళ్లీ గీయించుకోండి. జోడు పెట్టుకుని తిన్నగా ఎదురు చూసినప్పుడు ఆ క్రాస్ చాలా డిజైన్లలో కంటిపాప నడిమినే పడాలి.

మొదట్లో బాగానే ఉన్న జోడు కూడా మెల్లగా చెడుతుంది. ముక్కు ప్యాడ్లు విచ్చుకుని ఫ్రేము 3 మిల్లీమీటర్లు జారితే, 2.25 అడిషన్‌లో చూపు పడే చోట దాదాపు 0.45 డయాప్టర్ తగ్గిపోతుంది. నలభైలలో కంటి కటకానికి ఇంకా వంగే శక్తి ఉండి ఆ లోటు తనే భరిస్తుంది. అరవైకి అది బిరుసెక్కిపోతుంది, ఇచ్చేదేమీ ఉండదు. గడ్డం పైకెత్తి చదువుతున్నారంటే ముందు ప్యాడ్లు బిగించి చూడండి, పవర్ మార్పించడం తర్వాత.

అడిషన్ 1.50 లోపు ఉండి, పని మధ్యమధ్య మారుతుండేవాళ్లకి ఈ అద్దాలు హాయి. రోజంతా పెద్ద స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లకి, 2.00 దాటాక, గది దూరం వరకే పనికొచ్చే ఆఫీసు అద్దాలు ఇంకో జోడు ఉండటం మేలు. రెండు కళ్ల పవర్‌లో 2 డయాప్టర్ల తేడా ఉన్నవాళ్లు కొనే ముందే అడగాలి: అద్దంలో 10 మిల్లీమీటర్లు కిందినుంచి చూస్తే రెండు కళ్లకూ కనిపించే బొమ్మల మధ్య 2 ప్రిజమ్ డయాప్టర్ల (బొమ్మ ఎంత జరిగిందో చెప్పే కొలత) ఎగుడుదిగుడు వస్తుంది, తలనొప్పి దానివల్ల కావచ్చు. పడుకుని చదివే అలవాటున్నవాళ్లకి మాత్రం వీటితో కుదరదు. ఆ భంగిమలో చూపు అద్దం అడుగుకి చేరదు, మామూలు చదువు కళ్లజోడొకటి తలగడ దగ్గర ఉండాల్సిందే.