కిల్టు ఫోటోలోని కుర్రాడు: ఆరేళ్ళు వెతికాక నా రివ్యూ

మా మామగారి దగ్గర ఒక పాత ఫోటో ఉంది. కిల్టు (స్కాట్లాండ్ మగవాళ్ళు కట్టే గళ్ళ లంగా) కట్టిన కుర్రాడు, మొహంలో నవ్వన్నది లేదు. "మా చిన్న తాత. ఐర్లాండ్‌లోని డోనెగల్ నుంచి వచ్చి స్కాట్లాండ్ పటాలంలో చేరాడు, ఫ్రాన్స్‌లో పోయాడు" అంటారాయన. అంతకు మించి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇంటిపేరు గాలహర్. గ్లాస్గోలో కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే తెలుగు అల్లుణ్ణి కాబట్టి ఆ వెతుకులాట నా నెత్తిన పడింది. ఆరేళ్ళుగా వాడిన రికార్డుల్లో ఏది పనికొచ్చిందో, ఏది డబ్బు తినేసిందో రాస్తున్నాను.

ఐరిష్ వాడైతే ఐరిష్ రెజిమెంట్‌లోనే ఉంటాడనుకోవడం మొదటి పొరపాటు. డోనెగల్ కుర్రాళ్ళు డెర్రీలో పడవెక్కి గ్లాస్గో వచ్చేవాళ్ళు. బంగాళాదుంపల కోత, బొగ్గు గనులు, ఓడల తయారీ, ఎక్కడ పని దొరికితే అక్కడ. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే దగ్గర్లో ఉన్న రిక్రూటింగ్ ఆఫీసులోనే చేరారు. కెమరోనియన్స్, హైల్యాండ్ లైట్ ఇన్‌ఫంట్రీ లాంటి పటాలాల్లో ఐరిష్ పేర్లు అన్ని కనిపించేది అందుకే.

ముందు యుద్ధంలో పోయినవాళ్ళ సమాధులు, స్మారకాల వివరాలుండే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటు. ఉచితం, వేగం, నమ్మకం, మూడింటికీ పూర్తి మార్కులు. కానీ అక్కడ గాలహర్ అని కొడితే మా మనిషి రాలేదు. కారణం తెలియడానికి ఏడాది పట్టింది. ఐర్లాండ్‌లో గాలహర్ అయినవాడు స్కాట్లాండ్‌లో గాలఖర్ అవుతాడు. డొహర్టీ డాఖర్టీ అవుతాడు. గుమాస్తా ఎలా వింటే అలా రాసుకున్నాడు, అంతే. మనవాళ్ళలో ముగ్గురు అన్నదమ్ముల పాస్‌పోర్టుల్లో చౌదరి మూడు స్పెల్లింగుల్లో ఉండటం చూసినవాణ్ణి, నాకు ఇది ముందే తట్టి ఉండాల్సింది.

రెండో ఏడాది కిల్టు తినేసింది. కిల్టు అంటే గార్డన్, బ్లాక్ వాచ్, ఆర్గైల్ లాంటి పటాలాలే అనుకుని వాటి జాబితాలన్నీ జల్లెడ పట్టాను. హైల్యాండ్ లైట్ ఇన్‌ఫంట్రీ వాళ్ళు అప్పట్లో గళ్ళ ప్యాంట్లు వేసేవాళ్ళని చదివి దాన్ని పక్కన పెట్టేశాను. అందులోని 9వ బెటాలియన్, గ్లాస్గో హైల్యాండర్స్, మాత్రం కిల్టు కట్టేదట! మా వాడు ఉన్నది సరిగ్గా అక్కడే. 1916 జులై 15న సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర పోయాడు. శవం దొరకలేదు, పేరు ఫ్రాన్స్‌లో అలా జాడ దొరకనివాళ్ళ కోసం కట్టిన థీప్‌వాల్ స్మారకం మీద 72,000 పైచిలుకు పేర్ల మధ్య ఉంది.

సర్వీసు ఫైలు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 1940 సెప్టెంబరులో లండన్‌లో ఆ ఫైళ్ళున్న గోడౌను మీద బాంబు పడి సగానికి పైగా కాలిపోయాయి. మా వాడిదీ లేదు. అసలు పని చేసింది చనిపోయిన సైనికుల జీతం బకాయిల రిజిస్టరు. డబ్బు ఎవరికి ముట్టిందో అందులో ఉంటుంది: మా వాడి అమ్మ పేరు. దాంతోపాటు ఇచ్చిన గ్రాట్యుటీ మొత్తాన్ని బట్టి ఎన్ని నెలలు సైన్యంలో ఉన్నాడో లెక్క కట్టొచ్చు. ఆ తర్వాత పింఛను కార్డు. ఆ యుద్ధ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళ సంఘం వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ వాళ్ళు చెత్తలోకి పోకుండా కాపాడిన లక్షల కార్డుల్లో అదొకటి. దాని మీద అమ్మ అడ్రసు, డోనెగల్‌లో డంగ్లో ఊరి దగ్గర పల్లె. నాకు టీ చల్లారిపోయిన సాయంత్రం అది.

అడ్రసు దొరికాక ఐర్లాండ్ 1911 జనాభా లెక్కలు ఉచితంగా చూశాను. మొత్తం కుటుంబం ఒక్క కాగితం మీద, భాష గడిలో "ఐరిష్, ఇంగ్లిష్". ఇదే మనిషని రుజువు మాత్రం స్కాట్లాండ్ జనన మరణ రికార్డుల సర్కారీ సైటు స్కాట్లాండ్స్‌పీపుల్‌లో దొరికింది. క్రెడిట్లు కొనాలి, కానీ స్కాట్లాండ్ మరణ ధ్రువపత్రంలో తల్లి పుట్టింటి పేరు కూడా రాస్తారు. ఆనాటి ఐరిష్ పత్రంలో తల్లిదండ్రుల పేర్లే ఉండవు. గ్లాస్గోలో పోయిన అన్నగారి పత్రం తీస్తే అమ్మ పేరు కలిసింది.

డబ్బు దండగ అనిపించింది ఒక పెద్ద చందా సైటు. ఏడాదికి కట్టాను, ఒక నెల సరిపోయేది. వాళ్ళ సూచికలో డంగ్లో పేరుని ఎవరో ఇంకేదో ఊరుగా చదివారు. సూచికని కాదు, అసలు కాగితం బొమ్మని చూడండి. చనిపోయినవాళ్ళ జాబితా ఒకదానిలో పుట్టిన ఊరు గ్లాస్గో అని పడింది, ఇక ఐరిష్ అని వడపోస్తే ఎలా వస్తాడు? 1923లో అచ్చయిన ఐర్లాండ్ స్మారక గ్రంథం ఎనిమిది సంపుటాల్లో 49,000కి పైగా పేర్లున్నాయి, ఐరిష్ చిత్రకారుడు హ్యారీ క్లార్క్ బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ వాళ్ళలో చాలామంది ఐర్లాండ్‌లో పుట్టినవాళ్ళు కారు, పుట్టినవాళ్ళు కొందరు అందులో లేరు. ఎడిన్‌బరో కోటలోని స్మారకంలో పటాలం వారీ పుస్తకాలు తిరగేస్తే ఎక్కువ లాభం.

బతికి వచ్చినవాళ్ళని వెతకడం ఇంకా కష్టం. గార్డన్ హైల్యాండర్స్‌లో డ్రమ్మర్ విలియం కెనీలాగా బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వస్తే అందరూ రాస్తారు. మిగతావాళ్ళకి ఏ పతకాలు రావాలో రాసుకున్న మెడల్ కార్డే దిక్కు. పైగా టెరిటోరియల్ (పార్ట్‌టైమ్ సైనికుల) బెటాలియన్లలో 1917లో సైనికుల నంబర్లు మార్చారు, కాబట్టి ఒకే మనిషికి రెండు నంబర్లు, టెన్షన్ డబుల్.

మొన్న ఆదివారం ఈ కాగితాలన్నీ ఫైలులో పెట్టి ఇచ్చాను. మామగారు జనాభా లెక్కల కాగితం దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత లోపలికెళ్ళి ఇంకో ఫోటో తెచ్చారు, వాళ్ళ అమ్మమ్మ తమ్ముడట, తిరిగొచ్చాడట. ఇందులో కిల్టు లేదు, టోపీ మీద బ్యాడ్జీ మసకబారిపోయింది.