బ్రిటిష్ ఠాణాలో గడియారం: థ్రిల్లర్ రాసేవాళ్లకు మూడు ఉచిత వెబ్‌సైట్లు ఎంతవరకు పనికొస్తాయి?

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ నుంచి పై చదువులకు బ్రిటన్ వెళ్లే పిల్లలు ఎక్కువయ్యాక మన క్రైమ్ కథలూ వాళ్ల వెంటే విమానం ఎక్కాయి. హనుమకొండ అమ్మాయి లీసెస్టర్‌లో కనిపించకుండా పోతుంది, రూమ్మేట్ మీద అనుమానం పడుతుంది. ఎత్తుగడ బాగానే ఉంటుంది. పోలీసులు రాగానే కథ చెడుతుంది. డిటెక్టివ్ నడుముకు పిస్టల్, లాకప్‌లో దెబ్బలు, పైనుంచి హోం మంత్రి ఫోను, తెల్లారేసరికి ఇన్‌స్పెక్టర్ బదిలీ. చదివేవాడికి అది లీసెస్టర్‌లా అనిపించదు. మనకు తెలిసిన ఠాణాకే కోటు తొడిగినట్టు ఉంటుంది.

ఈ లోటు తీర్చుకోవడానికి ఖరీదైన రచనా కోర్సులు కొనాల్సిన పని లేదు. బ్రిటన్ చట్టాలన్నీ ఉండే లెజిస్లేషన్.గవ్.యూకే, పోలీసుల ప్రవర్తనా నియమాలు దొరికే గవ్.యూకే, పార్లమెంటు చర్చల రికార్డు హన్సార్డ్. మూడూ ఉచితం. చదవడానికి లాగిన్ కూడా అక్కర్లేదు.

ముందు తెరవాల్సింది రెండోది. గవ్.యూకేలో 'పేస్ కోడ్స్' అని వెతికితే ఎ నుంచి ఐ వరకు తొమ్మిది కోడ్‌లు వస్తాయి. పేస్ అంటే 1984 నాటి పోలీస్ అండ్ క్రిమినల్ ఎవిడెన్స్ చట్టం. అమల్లోకి వచ్చింది 1986 జనవరి 1న. దీని వెనక ఒక కేసు ఉంది. 1972లో లండన్‌లో మాక్స్‌వెల్ కాన్‌ఫెయిట్ హత్య జరిగినప్పుడు పోలీసులు ముగ్గురు కుర్రాళ్లను పెద్దవాళ్లెవరూ పక్కన లేకుండా ప్రశ్నించి నేరం ఒప్పించారు. ఆ ఒప్పుకోళ్ల మీద పడిన శిక్షలను 1975లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఈ రోజు మైనర్‌ను ప్రశ్నించేటప్పుడు పక్కన ఒక పెద్దమనిషి కూర్చోవాలన్న నియమం చదువుతుంటే ఆ ముగ్గురు గుర్తుకొస్తారు. నియమం ఎందుకు పుట్టిందో తెలిసినవాడు రాసే సీనుకు బరువు వేరు.

తొమ్మిదింట్లో థ్రిల్లర్‌కు ప్రాణం కోడ్ సి. నిర్బంధం, ప్రశ్నించడం, బాగోగులు అన్నీ ఇందులోనే. మొత్తం ప్రింట్ తీయించుకోవడం దండగ. 2, 6, 8, 10, 12, 13, 15 భాగాలు చాలు: కస్టడీ రికార్డు, లాయరు, సెల్లులో వసతులు, హెచ్చరిక, ఇంటర్వ్యూ, దుబాసీ, గడువు పొడిగింపు. 15వ భాగం పక్కన చట్టంలోని 40 నుంచి 44 వరకు సెక్షన్లు పెట్టుకుని చదివితే ఒక నవలకు సరిపడా ఉత్కంఠ అక్కడే దొరుకుతుంది.

అభియోగం మోపకుండా మనిషిని ఎంతసేపు ఉంచుకోవచ్చో లెక్క వేసి చూడండి. సోమవారం రాత్రి 10:40కి అరెస్టు. 11:10కి ఠాణాకు తెచ్చారు. గడియారం మామూలుగా మొదలయ్యేది అరెస్టు దగ్గర కాదు, ఈ 11:10 దగ్గర. కస్టడీ ఆఫీసరు, అంటే కనీసం సార్జెంటు హోదా ఉన్న, ఆ దర్యాప్తుతో సంబంధం లేని మనిషి, 11:25కి నిర్బంధానికి అనుమతి ఇచ్చాడు. అక్కడి నుంచి 6 గంటల్లోపు, అంటే మంగళవారం తెల్లవారుజామున 5:25లోపు నిర్బంధం ఇంకా అవసరమా అన్న మొదటి సమీక్ష. ఆ తర్వాత 9 గంటల్లోపు, మధ్యాహ్నం 2:25కల్లా రెండోది. ఆ సమీక్షలు చేసే ఇన్‌స్పెక్టరుకూ దర్యాప్తుతో నేరుగా సంబంధం ఉండకూడదు. మంగళవారం రాత్రి 11:10కి 24 గంటలు నిండుతాయి. నేరం పెద్దదైతే సూపరింటెండెంట్ 36 గంటల దాకా పొడిగించవచ్చు. కానీ రెండో సమీక్ష అయ్యాకే, 24 గంటలు నిండకముందే సంతకం పెట్టాలి. అప్పుడు బుధవారం ఉదయం 11:10 వరకు దొరుకుతుంది. ఆపైన మేజిస్ట్రేట్ కోర్టు గడప తొక్కాల్సిందే. ఆ కోర్టు సాధారణంగా 10 గంటలకు మొదలవుతుంది కాబట్టి డిటెక్టివ్ చేతిలో మిగిలేది గంటా పది నిమిషాలు. కోర్టు ఎంత ఇచ్చినా మొత్తం 96 గంటలు దాటదు, శుక్రవారం రాత్రి 11:10కి ఆఖరు.

ఈ గంటలన్నీ ప్రశ్నలకు దక్కవు కూడా. 24 గంటల్లో 8 గంటలు ఎడతెగని విశ్రాంతి, మామూలుగా రాత్రిపూటే ఇవ్వాలి. రెండు చిన్న భోజనాలు, ఒక పెద్ద భోజనం. భోజన విరామం కనీసం 45 నిమిషాలు. సుమారు రెండు గంటలకొకసారి 15 నిమిషాల విరామం. లాయరుతో ఏకాంతంగా మాట్లాడే సమయం దీనికి అదనం. రాత్రి తెచ్చిన మనిషిని గట్టిగా కూర్చోబెట్టి అడిగే వీలు తొలిరోజు కొన్ని గంటలకు మించి ఉండదు. ఇంకో మెలిక: ఆసుపత్రికి తీసుకెళ్తే గడియారం ఆగుతుంది. అక్కడ ప్రశ్నించిన సమయం మాత్రం లెక్కలోకి వస్తుంది. నిందితుడు గుండె పట్టుకుని కూలబడితే అది నటనా, నిజమా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. దానివల్ల ఎవరికి సమయం కలిసొస్తుందన్నది రచయిత ముందే తేల్చుకోవాలి.

ప్రశ్నించే గది విషయంలో మనవాళ్లు చేసే తప్పు ఇంకా లోతైనది. మన దగ్గర పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటే అది కోర్టులో రుజువుగా నిలవదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. అందుకే మన పోలీసు కథ సొత్తు దొరికేచోటికి, పంచనామాకు, సాక్షుల దగ్గరికి పరుగెడుతుంది. ఇంగ్లండ్‌లో రికార్డయిన ఇంటర్వ్యూలో ఒప్పుకుంటే అది చెల్లుతుంది. బలవంతం చేసో, నమ్మడానికి వీల్లేని పరిస్థితుల్లోనో రాబట్టారని తేలితే పోతుంది. కాబట్టి అక్కడ బల్ల, రికార్డరు, లాయరు, నాలుగు కుర్చీలు ఉన్న ఆ గదే యుద్ధభూమి. చెయ్యి చేసుకున్న మరుక్షణం డిటెక్టివ్ కేసు ఓడిపోయినట్టే. కొట్టించి నిజం చెప్పించే సీను అక్కడ క్రూరత్వం మాత్రమే కాదు, కథాపరంగా తెలివితక్కువ పని కూడా.

హెచ్చరిక వాక్యాన్ని అమెరికా సినిమాల నుంచి ఎత్తి పెట్టేవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో చెప్పేదాని సారం ఇది: మీరేమీ చెప్పనక్కర్లేదు. అయితే తర్వాత కోర్టులో చెప్పుకోబోయే సంగతిని ఇప్పుడు అడిగినప్పుడు చెప్పకపోతే మీ వాదనకు దెబ్బ తగలవచ్చు. చెప్పిందేదైనా సాక్ష్యం కావచ్చు. మధ్యలో ఉన్న ఆ మెలిక 1994 చట్టంతో వచ్చి 1995 నుంచి వాడుకలో ఉంది. కథా కాలం 1990 అయితే ఆ మాట వినిపించకూడదు.

మన కథలకు అసలు బంగారం 13వ భాగం. ఇంగ్లిష్ సరిగా రాని నిందితుడికి దుబాసీని ఇవ్వాలి. హెచ్చరిక తర్వాత అతడు లిఖితపూర్వకంగా వాంగ్మూలం ఇస్తే, దుబాసీ దాన్ని అతడి భాషలోనే రాయాలి, అతడు దానిమీదే సంతకం పెట్టాలి, ఇంగ్లిష్ అనువాదం తర్వాత జరగాలి. అంటే బ్రిటిష్ పోలీసు ఫైలులో తెలుగు కాగితం ఉంటుంది. జనగామ కుర్రాడు "ఆయన్ని సూశిన గని మాట్లాడలె" అంటే దుబాసీ ఎలా రాశాడు, అనువాదంలో 'సూశిన' అన్నది 'కలిశాను' అయిందా? ఆ ఒక్క మాట మీద కేసు తిరగొచ్చు. ఇంత దగ్గరి వస్తువును వదిలేసి మనం మంచులో కారు చేజింగులు రాస్తున్నాం.

ఇక లెజిస్లేషన్ సైటు. బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ నడుపుతుంది. చట్టం తెరవగానే తాజా సవరణలతో ఉన్న పాఠం వస్తుంది. 'ఒరిజినల్' నొక్కితే మొదట చేసిన రూపం, 'టైమ్‌లైన్' తెరిస్తే ఏ తేదీన ఏది అమల్లో ఉందో కనిపిస్తాయి. నవలా రచయితకు ఇంతకన్నా గొప్ప సదుపాయం లేదు. ఉదాహరణకు, అభియోగం మోపకుండా బెయిల్ మీద వదిలే పద్ధతి 2017 ఏప్రిల్ 3న మారింది, తొలి గడువు 28 రోజులైంది. 2022 అక్టోబరు 28న మళ్లీ మారి అది 3 నెలలైంది. కథ 2016లో జరుగుతోందా, 2019లోనా, 2023లోనా అన్నదాన్ని బట్టి నిందితుడు ఠాణా మెట్లు దిగే తీరే వేరు.

ఈ సైటులో ఇబ్బందులూ ఉన్నాయి. పైన పెట్టెలో 'ఇంకా చేర్చని మార్పులు' అని కనిపిస్తే దాన్ని దాటేయొద్దు. ఆ పేజీలో చదివింది పాతబడి ఉండొచ్చు. సులభ భాషలో ఉండే వివరణ పత్రాలు 1999 నుంచి వచ్చిన చట్టాలకే ఉంటాయి, 1984 చట్టానికి లేవు. అన్నిటికన్నా పెద్ద గొయ్యి భౌగోళిక పరిధి. పేస్ ఇంగ్లండ్, వేల్స్‌కే. ఎడిన్‌బరో కథకు పైన వేసిన గడియారం పనిచేయదు. స్కాట్లండ్‌లో 2016 చట్టం కింద 12 గంటలు, అవసరమైతే ఇంకో 12. 'జాగ్రఫికల్ ఎక్స్‌టెంట్' గడిలో టిక్ పెడితే ప్రతి సెక్షన్ పక్కన ఏ ప్రాంతానికి వర్తిస్తుందో అక్షరాలు కనబడతాయి. ఆ టిక్ తీయకుండా పని చేయడం మంచిది.

రాజకీయ థ్రిల్లర్ రాసేవాళ్లకు హన్సార్డ్. రాజకీయాన్ని లోపలి నుంచి చూసి నవల రాసిన పీవీ నరసింహారావు మన లక్నేపల్లి బిడ్డే. ఆ లోపలి చూపు అందరికీ దక్కదు. హన్సార్డ్ దాన్ని కొంతైనా అప్పు ఇస్తుంది. మొదట 2005 నవంబరు 9వ తేదీ తెరవండి. ఆ జూలైలో లండన్ బాంబు దాడుల్లో 52 మంది చనిపోయారు. ఉగ్రవాద అనుమానితులను అభియోగం లేకుండా 90 రోజులు ఉంచుకునే అధికారం పోలీసులు అడిగారు, ప్రధాని టోనీ బ్లెయిర్ పట్టుబట్టాడు. 291కి 322 ఓట్లతో సభ తిరస్కరించింది. సొంత పార్టీ వాళ్లే 49 మంది ఎదురు తిరిగారు. చివరికి 28 రోజులకు ఒప్పుకున్నారు. 2008లో గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం 42 రోజులు అడిగింది. దిగువ సభ కామన్స్‌లో 9 ఓట్ల తేడాతో గట్టెక్కి, ఎగువ సభ లార్డ్స్‌లో 118కి 309తో చిత్తయింది. 2011 నుంచి గరిష్ఠం 14 రోజులే. ఒక మనిషిని ఎన్ని రోజులు ఉంచుకోవచ్చన్న అంకె చుట్టూ ప్రభుత్వాల పరువు తిరిగిన ముచ్చట ఇది. ఓటింగు పేర్లతో సహా చదవొచ్చు.

ఓటింగు సీను రాయాలంటే ఒక్క సంగతి చాలు: గంట మోగాక 8 నిమిషాలకు తలుపులు మూస్తారు. అవును అనేవాళ్లు ఒక లాబీలోకి, కాదు అనేవాళ్లు ఇంకో లాబీలోకి నడిచి వెళ్లాలి. పిలుపులు కూడా గమనించండి. మన శాసనసభలో 'అధ్యక్షా' ఎంత సహజమో అక్కడ 'మిస్టర్ స్పీకర్' అంత. సభ్యులు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, 'ఫలానా నియోజకవర్గ గౌరవ సభ్యుడు' అంటారు. అయితే హన్సార్డ్ అక్షరం పొల్లుపోని రికార్డు కాదు. పునరుక్తులు, తడబాట్లు తీసేస్తారు. మంత్రి నీళ్లు నమలడం చూడాలంటే, ఇటీవలి ఏళ్ల చర్చలైతే, పార్లమెంట్‌లైవ్.టీవీలో ఆ రోజు వీడియో చూడాలి.

మంత్రి ఫోనుకు ఇన్‌స్పెక్టర్ బదిలీ అయ్యే సీనుకు ఇక్కడే జవాబు. పోలీసు దర్యాప్తు విషయంలో అక్కడి మంత్రి ఆదేశాలు ఇవ్వలేడు. ఒత్తిడి లేదని కాదు, అది వచ్చే దారి వేరు. లండన్ పోలీసు కమిషనర్‌ను హోం మంత్రి సిఫారసు మీద రాజు నియమిస్తాడు. అయినా 2022 ఫిబ్రవరిలో మేయర్ తన నమ్మకం పోయిందని తేల్చాక కమిషనర్ క్రెసిడా డిక్ పదవి వదులుకున్నారు. 'నమ్మకం లేదు' అన్న మాట చాలు. నవలలో ఆ మాట ఎవరి నోట ఎప్పుడు రావాలో ఎంచుకోవడమే పని.

మూడు సైట్లూ ఇంగ్లిష్‌లోనే. చట్టం వాక్యాలు పొడవు, తెలుగు మీడియంలో చదివినవాళ్లకు మొదటి వారం భారంగానే ఉంటుంది. కోడ్ సి భాష కాస్త నయం, అందుకే దానితో మొదలుపెట్టమన్నది. ఫోను తెరమీద టైమ్‌లైన్ చూడటం కష్టం, కంప్యూటరు మేలు. ఠాణాలో ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారో ఇవేవీ చెప్పవు. లండన్‌లో పై అధికారిని 'గవ్' అనీ, చాలా ఇతర చోట్ల 'బాస్' అనీ అంటారు. మహిళా అధికారిని 'మామ్'. మూడూ వదిలేసి ప్రతి పేజీలో 'ఎస్ సార్' రాస్తే కోడ్ సి మొత్తం చదివిన కష్టం కూడా కనబడదు.