షిఫ్ట్ కిట్ వేయించుకున్నవాళ్ళు ఒకసారి బండి కింద చూసుకోండి

డాలస్ చుట్టుపక్కల పాత షెవీ బళ్ళు, టాహో, సబర్బన్, సిల్వరాడో ఉన్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నిన్న రాత్రంతా నిద్ర లేదు, కోపం మీదే రాస్తున్నా, అక్కడక్కడ తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను. మన గ్రూపులో ఎవరైనా ట్రాన్స్‌మిషన్ అనగానే పది మంది ఒకే నంబర్ పంపిస్తారు చూడండి, అదే.

మాది 2004 టాహో, 5.3 ఇంజిన్, 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, 1,48,000 మైళ్ళు తిరిగింది. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు కాస్త జారినట్టు ఉండేది, జూన్‌లో హ్యూస్టన్ మీనాక్షి గుడికి వెళ్ళొచ్చాక ఇంకా ఎక్కువైంది. షిఫ్ట్ కిట్ వేయిస్తే గేర్లు గట్టిగా పడతాయి, క్లచ్‌లు ఎక్కువ కాలం వస్తాయి అని చదివాను. అందులో అబద్ధం లేదు. గేర్ మారేటప్పుడు తర్వాతి గేర్ క్లచ్ పట్టుకోవాలి కదా, కుదుపు తెలియకూడదని కంపెనీవాళ్ళు ఆ పట్టుకోవడాన్ని మెత్తగా పెడతారు, ఆ కాసేపట్లో ప్లేట్లు రాసుకుని వేడెక్కి అరుగుతాయి. కిట్ వేయడం అంటే గేర్‌బాక్స్ కింద ఆయిల్ పాన్ దించి, ఆయిల్‌ని క్లచ్‌లకి పంపే వాల్వ్ బాడీ విప్పి, సెపరేటర్ ప్లేట్‌లో ఆయిల్ రంధ్రాలు కొలత ప్రకారం పెద్దవి చేసి, గట్టి స్ప్రింగులు వేసి, గేర్ కుదుపుని మెత్తగా చేసే అక్యుమ్యులేటర్‌లో ప్లాస్టిక్ పిస్టన్ తీసేసి అల్యూమినియంది పెట్టి, ఆయిల్ ప్రెజర్ పెంచే బూస్ట్ వాల్వ్ మార్చడం. చిన్న పని కాదు. కొత్త ఫిల్టర్, డెక్స్‌రాన్ 6 ఆయిల్ అన్నీ కలిపి 650 డాలర్లు అన్నాడు, పొద్దున బండి వదిలి మధ్యాహ్నం తెచ్చుకున్నా, అక్కడే నిలబడి జెల్ (Zelle) యాప్‌లో డబ్బు పంపేశా.

గేర్లు టక్కుమని పడుతుంటే మొదటి రోజు ఎంత సంబరపడ్డానో. మా ఆవిడ మాత్రం "సిగ్నల్ దగ్గర మెల్లగా కదిలినా వెనక నుంచి ఎవరో తన్నినట్టుంది, ఇలాగే ఉండాలా ఇది" అని అడిగింది. వినలేదు నేను. మూడో రోజు చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. ఫోన్ చేస్తే "కొత్త కిట్ కదన్నా, కంప్యూటర్ అలవాటు పడాలి, పట్టించుకోకండి" అన్నాడు. అదీ నమ్మాను. పార్ట్స్ షాపుకి వెళ్తే ఊరికే కోడ్ చదివి చెప్తారు, పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు వెళ్ళి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు, ఆ తప్పు పూర్తిగా నాదే.

ఏడు వారాలు గడిచాయి. మొన్న శనివారం సరుకుల కోసం వెళ్ళి, ముందు గోడ ఉన్న చోట పార్క్ చేశా. తిరిగొచ్చి రివర్స్ వేస్తే బండి కదల్లేదు. ఆర్ లో పెట్టి యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ అరుస్తోంది, చక్రం తిరగట్లేదు. పిల్లలు వెనక సీట్లో, 102 డిగ్రీల ఎండ, దాదాపు ఐదు వేల పౌండ్ల బండి, ముక్కూ మొహం తెలియని ముగ్గురు అబ్బాయిలు వచ్చి వెనక్కి లాగి పెట్టారు, వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాను. డ్రైవ్‌లో వేస్తే మొదటి గేర్‌లో కదిలింది, రెండోది పడాల్సిన చోట న్యూట్రల్‌లో ఉన్నట్టు ఇంజిన్ ఒక్కటే పైకి లేచింది. ఇక లాభం లేదని టో చేయించి గార్లండ్‌లో ఒక పెద్దాయన షాపుకి పంపా.

ఆయన ముందు స్కానర్ పెట్టాడు, పి0748 కోడ్ వచ్చింది. ప్రెజర్ కంట్రోల్ సొలినాయిడ్, అంటే ఆయిల్ ప్రెజర్‌ని అదుపు చేసే కరెంటు వాల్వ్, దాని సర్క్యూట్‌లో తేడా ఉందని దానర్థం. బండి పైకి ఎత్తి నన్ను కిందకి పిలిచాడు. గేర్‌బాక్స్ పక్కన గుండ్రటి పెద్ద కనెక్టర్ ఉంటుంది, దానికి జానెడు దూరంలో వైర్ల మీద నల్ల టేప్ చుట్టి ఉంది, టేప్ కొత్తగా మెరుస్తోంది, చుట్టూ అంతా మట్టి. విప్పితే లోపల ఒక వైర్ కోసి, రెండు కొసల మధ్య చిన్న రెసిస్టర్ మెలిపెట్టి ఉంది. టంకం కూడా వేయలేదు.

ఇందులో మోసం ఏంటంటే, ఈ గేర్‌బాక్స్‌లో ఆ సొలినాయిడ్‌కి కరెంట్ ఎంత తగ్గితే ఆయిల్ ప్రెజర్ అంత పెరుగుతుంది. 1.1 ఆంపియర్ దగ్గర కనిష్టం, సున్నా దగ్గర గరిష్టం. రెసిస్టర్ పెడితే కరెంట్ తగ్గుతుంది, గేర్లు గట్టిగా పడతాయి. లెక్క తేడా వచ్చిందని కంప్యూటర్ కనిపెట్టి కోడ్ వేసి సొలినాయిడ్‌ని ఆపేస్తే ఇక ఎప్పుడూ ఫుల్ ప్రెజరే, పాల ప్యాకెట్ కోసం ఇరవై మైళ్ళ స్పీడ్‌లో వెళ్ళినా ట్రైలర్ లాగుతున్నంత దెబ్బ పడుతుంది. ఈ గేర్‌బాక్స్‌లో సన్ షెల్ అని లోపల సన్ గేర్‌ని పట్టి ఉంచే రేకు డబ్బా లాంటిది ఉంటుంది, అసలే బలహీనమైన భాగం, అది కాలర్ దగ్గర విరిగింది. అది విరిగితే రెండు, నాలుగు, రివర్స్ మూడూ ఒకేసారి పోతాయి.

పాన్ బోల్టులు నాకు వేలు పెట్టి చూపించాడు. తుప్పు, మట్టి, ఎప్పుడూ రెంచి తగలని బోల్టులు. దించితే ఫ్యాక్టరీ ఫిల్టర్, నల్లబడిన ఆయిల్, అదే పాత ప్లాస్టిక్ పిస్టన్. అంటే ఆయిల్ కూడా మార్చలేదు! డబ్బు తీసుకుని పాన్ కూడా ముట్టుకోలేదు.

ఆ రెసిస్టర్ చేతిలో పట్టుకుని నిన్న సాయంత్రం నేనూ మా ఆవిడా ఆ షాపుకి వెళ్ళాం. కౌంటర్ మీద పెట్టి, ఫోన్‌లో ఫోటోలు చూపించి, ఇదేంటి తమ్ముడూ అని అడిగా. అరవలేదు, మామూలుగానే అడిగా. దాని వైపు ఒక్కసారి చూశాడు, కళ్ళలో కాస్త కూడా తడబాటు లేదు. "అన్నా, మీకు గేర్లు గట్టిగా పడాలన్నారు. పడ్డాయా లేదా?" అన్నాడు. కిట్ ఏదీ అంటే మళ్ళీ అదే మాట, "పడ్డాయా లేదా చెప్పండన్నా." మా ఆవిడ పిల్లలు ఎండలో కూర్చున్న సంగతి చెప్తుంటే మధ్యలో ఫోన్ ఎత్తి వేరే కస్టమర్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు. మనవాడే కదా, తెలుగులో మాట్లాడుకోవచ్చు కదా అని వెళ్ళాను అతని దగ్గరికి. ఆ "పడ్డాయా లేదా" ఇంకా చెవిలోనే ఉంది. రీబిల్డ్‌కి 3,200, టోయింగ్‌కి 180, ఇవన్నీ ఎలాగోలా కట్టుకుంటాం, హైవే మీద ఎనభై మైళ్ళలో విరిగి ఉంటే అన్న ఆలోచన మాత్రం పోవట్లేదు.

కిట్ వేయించొద్దని చెప్పట్లేదు. రీబిల్డ్‌లో ఈసారి నిజమైన కిట్టే వేయిస్తున్నా, కిట్ నేనే కొని ఇచ్చా, పాన్ దించేటప్పుడు పక్కనే ఉంటా. మీరు వేయిస్తే తీసిన పాత ప్లేట్, పిస్టన్, ఫిల్టర్ మీ చేతికి ఇమ్మని ముందే చెప్పండి, డబ్బు క్రెడిట్ కార్డు మీదే ఇవ్వండి, జెల్ చేసినందుకు నాకు వెనక్కి అడిగే దారి లేకుండా పోయింది. ఆయిల్ మాడిన వాసన వస్తుంటే కిట్‌తో బాగవ్వదు, అరిగిపోయిన క్లచ్ తిరిగి రాదు.

ఈ రెండేళ్ళలో అక్కడ వేయించుకున్నవాళ్ళు, ముఖ్యంగా లైట్ వెలిగితే పట్టించుకోవద్దు అన్న మాట విన్నవాళ్ళు, టార్చ్ పట్టుకుని కనెక్టర్ దగ్గర నల్ల టేప్ ఉందేమో ఈ రాత్రే చూడండి. ఉంటే ఫోటో తీసి నాకు పంపండి, అందరం కలిసి వెళ్దాం.