మెగలోడాన్ పన్ను కొనేవారికి హెచ్చరిక: “మరమ్మతు లేనిది” అన్న మాట చూసి డబ్బు పంపకండి

లక్షల ఏళ్ల క్రితం అంతరించిన భారీ సొరచేప మెగలోడాన్ కథల అభిమానులను, ముఖ్యంగా అమెరికాలో ఉంటూ ఆన్‌లైన్‌లో శిలాజాలు కొనే తెలుగువారిని, ఒక తరహా అమ్మకం గురించి ముందుగానే హెచ్చరించాలని ఇది రాస్తున్నాను. రచయిత సంతకం ఉన్న నవల, “ఎటువంటి మరమ్మతూ జరగని” ఆరంగుళాల మెగలోడాన్ పన్ను, దానికొక ధ్రువపత్రం, ఈ మూడింటినీ ఒకే సెట్టుగా కట్టి అమ్ముతున్నారు. నాకు వచ్చిన సెట్టులో నవల అసలుదే. సంతకం అచ్చు వేసినది, పన్ను సగం కల్పితం, ధ్రువపత్రం మొత్తం కల్పితం.

స్టీవ్ ఆల్టెన్ 1997లో ‘మెగ్’ నవల వెలువరించిన నాటి నుంచీ ఈ సొరచేపకు పాఠకులున్నారు. 2018లోనూ 2023లోనూ సినిమాలు వచ్చాక ఆ సంఖ్య బాగా పెరిగింది. కొత్త పుస్తకం గురించో సినిమా గురించో అభిమానులకు కబురు అందగానే, ఆ ఉత్సాహం చల్లారకముందే ఇటువంటి ప్రకటనలు పుట్టుకొస్తున్నాయి. నేను చూసిన ప్రకటన కూడా అటువంటి కబురునే మొదటి వాక్యంగా వాడుకుంది. అమ్మకందారు రచయిత పేరును వాడుకున్నాడే తప్ప, ఈ వ్యాపారంతో రచయితకు సంబంధం ఉన్నట్టు నాకెక్కడా కనిపించలేదు కనుక, కోపాన్ని అటువైపు మళ్లించవద్దు.

ఇక పన్ను సంగతి. మెగలోడాన్ అస్థిపంజరం మృదులాస్థితో ఏర్పడినది కావడం వల్ల అది శిలాజంగా నిలవడం చాలా అరుదు, కానీ ప్రతి సొరచేపా జీవితకాలంలో వేల పళ్లు రాల్చుకుంటుంది గనుక పళ్లు మాత్రం విరివిగా దొరుకుతాయి. మూడు, నాలుగు అంగుళాల పన్ను, అంచులు కాస్త అరిగినదైతే, మధ్యతరగతివారికి అందుబాటు ధరలోనే వస్తుంది. ఆరంగుళాలు దాటి, వేరూ మొనా చెక్కుచెదరకుండా ఉన్నవి అరుదు. అక్కడి నుంచి ధర ఒక్కసారిగా ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. మోసమంతా ఈ తేడాలోనే ఉంది. పంటి పైభాగాన్ని కప్పే పింగాణీ పొర చాలా గట్టిది. వేరు భాగం ఎముకలాగా సూక్ష్మరంధ్రాలతో ఉంటుంది కనుక నది అడుగున దొర్లేటప్పుడు ముందుగా దెబ్బతినేది అదే. వేరు విరిగిన చవక పన్ను ఒకటి తీసుకుని, దానికి ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో రాతిపొడి కలిపిన ముద్దతో కొత్త వేరు కడితే, నాలుగంగుళాల ముక్క ఆరంగుళాల “అరుదైన నమూనా” అయి కూర్చుంటుంది.

నాకు వచ్చిన పంటిలో మొదట అనుమానం కలిగించినది వేరుకూ పింగాణీకీ మధ్య ఉండే నల్లని పట్టీ. సేకరణదారులు దీన్ని బూర్లెట్ అంటారు. అసలు పంటిలో ఈ పట్టీకి తనదైన పలుచని పొర ఉంటుంది, దాని అంచులు అక్కడక్కడా పెచ్చులూడి ఉంటాయి. దీనిలో అది మొదటి నుంచి చివరి వరకూ ఒకే నలుపుతో, కాటుక దిద్దినంత నున్నగా ఉంది. దూది పుల్లను ఎసిటోన్‌లో ముంచి ఒక మూల మెల్లగా అద్దితే, దూదికి నల్లరంగు అంటుకుని వచ్చింది. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేసి చూస్తే వేరు మొత్తం పాలనీలంగా మెరిసింది, పింగాణీ భాగం మాత్రం మసకగానే ఉండిపోయింది. రెండూ కలిసే చోట జిగురు గీత వంకరటింకరగా స్పష్టంగా కనిపించింది. భూతద్దం కింద పంటి అంచున రంపంలా ఉండే గాళ్లను పరిశీలిస్తే ప్రతి గాడిలోనూ ఒకే దిశలో సాగిన సన్నని ఆకురాయి గీతలున్నాయి. అరిగిపోయిన అంచును మళ్లీ కోసి రంపం తీశారన్నమాట. (ఎసిటోన్ పరీక్షను ప్రతి పంటి మీదా ప్రయోగించకండి, నిజాయితీగా గట్టిపరచడానికి పూసిన రక్షణ పూతను కూడా అది కరిగించేస్తుంది.)

మరమ్మతు చేయడమే తప్పని నేను అనడం లేదు. ప్రదర్శనశాలల్లోని నమూనాల్లోనూ పునర్నిర్మించిన భాగాలుంటాయి, అలా రాసి పెడతారు కూడా. వేరు కట్టామని చెప్పి, దానికి తగ్గ ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. “సహజం, మరమ్మతు లేదు” అని రాసి అమ్మడమే మోసం.

ధ్రువపత్రం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ధైర్యంగా డబ్బు కట్టేది దాన్ని చూసే. బంగారు రంగు ముద్ర వేసిన ఆ కాగితం మీద, ఈ పన్ను పసిఫిక్ సముద్రంలోని అతి లోతైన మరియానా అగాధంలో లభించిందనీ, కార్బన్ పరీక్షలో కోటి సంవత్సరాల నాటిదని తేలిందనీ రాసి ఉంది. కార్బన్-14 పద్ధతి సుమారు 50,000 సంవత్సరాల వరకే పనికొస్తుంది. మెగలోడాన్ దాదాపు 36 లక్షల సంవత్సరాల క్రితమే అంతరించిందని ఇటీవలి పరిశోధన చెబుతోంది. అంటే ఏ మెగలోడాన్ పంటికీ కార్బన్ పరీక్షతో వయసు కట్టడం సాధ్యం కాదు. ఆ మాట ఉన్న పత్రం ఏదైనా బూటకమే. మరియానా అగాధం నవలలో ఈ సొరచేప దాక్కున్న చోటు. అమ్మకందారు నవల చదివాడు, భూగర్భశాస్త్రం చదవలేదు. 1872–76 మధ్య సాగిన బ్రిటిష్ శాస్త్రపరిశోధక నౌక చాలెంజర్ యాత్రలో పసిఫిక్ అడుగు నుంచి మెగలోడాన్ పళ్లు పైకి వచ్చిన మాట నిజమే, అయితే వాటికి మాంగనీసు పొర పట్టి ఉంది. నాకు వచ్చినదాని మీద అటువంటి పొర ఆనవాలే లేదు. బజారులోకి వచ్చే పళ్లలో అధికభాగం అమెరికాలోని దక్షిణ కరోలినా, ఉత్తర కరోలినా, జార్జియా, ఫ్లోరిడా నదుల నుంచీ తీరాల నుంచీ, ఇండోనేసియాలోని పశ్చిమ జావా నుంచీ వచ్చేవే. ఇంకొక మాట: ఈ పత్రాలను జారీ చేసే అధికారిక సంస్థంటూ ఏదీ లేదు, అమ్మేవాడే అచ్చు వేసుకుంటాడు.

కొలతలోనూ కనికట్టు ఉంది. పంటిని మొన నుంచి వేరు చివరి మూల వరకు, ఏటవాలుగా ఉన్న పొడవైన వైపు కొలవడం ఈ రంగంలో ఆనవాయితీ. నాకు వచ్చినదాన్ని కాలిపర్‌తో (రెండు దవడల మధ్య పట్టి కొలిచే పరికరంతో) అలా కొలిస్తే, కట్టిన వేరును కూడా కలుపుకుని, ప్రకటనలో చెప్పిన ఆరంగుళాలకు తక్కువే వచ్చింది. టేపును పంటి వంపు మీదుగా పరిచి కొలిస్తే తప్ప ఆ అంకె రాదు. డబ్బు కట్టకముందే కాలిపర్‌తో సహా ఫోటో అడగండి. వేరు వెనుక భాగం, రెండు పక్కలు, మొన దగ్గరి దృశ్యం కూడా అడగండి; నాకు ఫోటోలన్నీ ఎదుటి వైపు నుంచే పంపారు, పక్కల నుంచి తీసినవి అడిగితే “పన్ను ఇప్పటికే ప్యాక్ చేశాం” అన్నారు.

సంతకం విషయం తేలిక. పుస్తకం లోపలి పేజీలో అతికించిన చీటీ మీద ఉన్న ఆ సంతకం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు ఒకే మందంతో ఉంది, గీతలు ఒకదానినొకటి దాటే చోట సిరా చిక్కబడలేదు, కాగితం మీద కలం ఒత్తిడి లేదు.

ఈ సెట్టుతోపాటు మొసాసార్ (డైనోసార్ల కాలపు సముద్ర సరీసృపం) దవడ కూడా తగ్గింపు ధరకు ఇస్తామని అదే అమ్మకందారు నాకు సందేశం పంపాడు. మొరాకోలోని ఖురిబ్గా ఫాస్ఫేట్ గనుల నుంచి మొసాసార్ పళ్లు విరివిగా వస్తాయి, విడి పన్ను చవకే. అసలు పళ్లనే ఇసుక, జిగురు కలిపిన దిమ్మలో వరసగా గుచ్చి “దవడ” అని అమ్మడం అక్కడ పాత విద్య. పళ్లన్నీ ఒకే పరిమాణంలో, ఒకే వరసలో బుద్ధిగా నిలబడి ఉంటే కొనకండి.

చెల్లింపు దగ్గర మరింత జాగ్రత్త అవసరం. జెల్ (అమెరికా బ్యాంకు ఖాతాల మధ్య నేరుగా డబ్బు పంపే సేవ) ద్వారా గానీ, పేపాల్‌లో “మిత్రులు, కుటుంబం” పద్ధతిలో గానీ పంపితే ధర తగ్గిస్తామని నాకు చెప్పారు. ఆ రెండు దారుల్లోనూ కొనుగోలుదారుకు రక్షణ ఉండదు, అందుకే ఆ రాయితీ. నేను క్రెడిట్ కార్డుతోనే కట్టాను కాబట్టి ఫిర్యాదు చేయగలిగాను. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో తెప్పించుకునేవారి పరిస్థితి ఇంకా కష్టం; కస్టమ్స్ సుంకం, తిరిగి పంపే ఖర్చు కలిపితే వాపసు మీద ఆశ వదులుకోవలసిందే.

నా ఫోటోలు, పరీక్షల ఫలితాలు చూపినప్పుడు అమ్మకందారు ముందు “ప్రతి శిలాజానికీ కొంత శుభ్రపరచడం ఉంటుంది” అన్నాడు, తరువాత సగం డబ్బు ఇస్తానన్నాడు, ఆ తరువాత సమాధానం ఇవ్వడం మానేశాడు. కార్డు కంపెనీ విచారణ తరువాత నా మొత్తం వాపసు వచ్చింది. ఆ ప్రకటన మాత్రం అవే ఫోటోలతో వేరే పేరు మీద మళ్లీ కనిపిస్తోంది. ఇటువంటి సెట్టు ఇప్పటికే కొన్నవారు పన్నును పారేయకుండా, ప్రకటన స్క్రీన్‌షాట్లు, టార్చి వెలుగులో తీసిన ఫోటోలు జతచేసి కార్డు కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపండి. అమెరికా చట్టం ప్రకారం, ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన తేదీ నుంచి 60 రోజుల్లోపు అది వారికి చేరాలి.